పాత కారులో పెట్రోల్ వాసన, ఐడిలింగ్‌లో వణుకు

ప్రశ్న: మా ఇంట్లో 1997 నాటి మారుతీ 800 ఉంది, కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించే భాగం) మోడల్. కొన్నాళ్లుగా ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, విపరీతంగా వణుకుతోంది. అప్సర సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయలేకపోతున్నాను, తీస్తే ఇంజన్ ఆగిపోతోంది. పొద్దున్నే బోనెట్ ఎత్తితే పెట్రోల్ వాసన గుప్పుమంటుంది గాని కింద ఎక్కడా చుక్క కనిపించదు. మెకానిక్ ప్లగ్గులు మార్చాడు, ఐడిలింగ్ స్క్రూ పలుమార్లు సరిచేశాడు. వారం బాగుండి మళ్లీ మొదటికొస్తోంది. ఇప్పుడు కార్బ్యురేటరే మార్చాలంటున్నాడు. మార్చాలా? పెట్రోలులో కలుపుతున్న ఇథనాలే దీనికి కారణమా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: కార్బ్యురేటర్ ఇప్పుడే మార్చవద్దు. మీరు రెండు జబ్బులుగా చెప్పినవి ఒకే లోపం తాలూకు రెండు లక్షణాలు కావచ్చు. కాకపోయినా ముందుగా తేల్చవలసింది లీకు సంగతే. పెట్రోల్ ఎక్కడి నుంచి పోతున్నదో తెలియకుండా స్క్రూ తిప్పితే ఐడిలింగ్ నాలుగు రోజులు కుదురుకుంటుంది గాని, అసలు లోపం అలాగే ఉండి ఇంకా పెరుగుతుంది. లీకు దొరికేదాకా బండి బయటికి తీయకండి, ముఖ్యంగా గువ్వలచెరువు ఘాటు ఎక్కించే ఆలోచన పెట్టుకోకండి. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువైనది కనుక నేలను అంటిపెట్టుకుని పాకి, దూరంగా ఉన్న నిప్పును కూడా అందుకుంటుంది. తలుపులు మూసిన షెడ్డులో కాకుండా ఆరుబయట, చల్లారిన ఇంజన్ మీద, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీసి పరీక్ష మొదలుపెట్టండి.

చుక్క కనిపించదని రాశారు. మన జిల్లాలో చాలా ఇళ్ల ముందు పరిచేవి నల్ల కడప బండలే. వాటి మీద పడిన పెట్రోల్ చుక్క, అందులోనూ మన ఎండలకు, మీరు వంగి చూసేలోపే మరకైనా మిగల్చకుండా ఆరిపోతుంది. రాత్రి బండి నిలిపాక ఇంజన్ కింద తెల్లటి అట్ట పరిచి ఉంచితే, చుక్క ఆరినా దాని అంచు పసుపుపచ్చగా మిగిలి, లీకు సుమారుగా ఏ భాగానికి సూటిగా ఉందో చెబుతుంది. తరువాత బోనెట్ ఎత్తి దుమ్మును గమనించండి. అన్ని చోట్లా సమానంగా దుమ్ము పట్టిన పాత ఇంజన్ మీద ఒక్కచోట మాత్రం కడిగినట్లు శుభ్రంగా ఉన్నా, లేదా ఎర్రటి గోధుమరంగు జిగురు గట్టిపడి ఉన్నా, పెట్రోల్ అక్కడే కారుతున్నదన్న మాట. ఈ గుర్తులు తుడిచేయకముందే చూడాలి. ఇంజన్‌ను ముందుగా నీళ్లతో కడిగించడం ఈ విషయంలో ఆధారాలను చెరిపేసుకోవడమే.

మీ బండిలో పెట్రోల్ పంపు కరెంటుది కాదు. క్యామ్‌షాఫ్టు తిరుగుతుంటే లోపలి రబ్బరు డయాఫ్రమ్ పైకీ కిందికీ ఆడి పెట్రోల్ తోడుతుంది. ముందు పంపుకు వచ్చే, పోయే హోసుల చివర్లు వేలితో వంచి చూడండి. వంచినచోట సన్నని పగుళ్లు విచ్చుకుంటే ఆ హోసు పని అయిపోయినట్లే. హోసులు బాగుండి పంపు ఒంటికి ఉన్న చిన్న రంధ్రం దగ్గర తడి ఉంటే లోపల డయాఫ్రమ్ చిరిగింది. అదే పెట్రోల్ ఇంజన్ ఆయిల్‌లోకి కూడా దిగుతుంది కాబట్టి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే పుల్ల) తీసి చూడండి. ఆయిల్ మట్టం పై గీత దాటి, పలచబడి, పెట్రోల్ వాసన వస్తుంటే ఇంజన్ స్టార్ట్ చేయకుండానే పంపు మార్చి, ఆయిల్, ఫిల్టర్ కూడా మార్చాలి. ఆయిల్ మార్చే ఖర్చు ఆదా చేద్దామనుకుంటే బేరింగులకు ముప్పు.

పంపు, హోసులు బాగున్నాయంటే అనుమానం కార్బ్యురేటర్ ఫ్లోట్ నీడిల్ మీదికి, అంటే లోపల పెట్రోల్ చాలినంత నిండగానే దారి మూసే సూది మీదికి పోతుంది. ట్యాంకులోని తుప్పు రేణువు ఒక్కటి నీడిల్ మూసుకునే చోట ఇరుక్కున్నా పెట్రోల్ ఆగకుండా నిండి, పొంగి, కొంత ఇంజన్‌లోకి, కొంత బయటికి పోతుంది. వాసనకూ వణుకుకూ ఒకటే కారణం కాగలదని అన్నది అందుకే. బయటి లీకు ఏదైనా ఉంటే అది పూర్తిగా ఆపాక, ఇంజన్ వేడెక్కించి, ఐడిలింగ్‌లో వణుకుతుండగా చోక్ (గాలి తగ్గించి పెట్రోల్ పాలు పెంచే మీట) కొద్దిగా లాగండి. వణుకు తగ్గి వేగం పెరిగితే ఇంజన్‌కు పెట్రోల్ చాలడం లేదు, ఎక్కడో అదనంగా గాలి పీల్చుకుంటున్నది. అప్పుడు కార్బ్యురేటర్ అడుగు గాస్కెట్‌ను, సన్నని వాక్యూమ్ గొట్టాలను చూడాలి. చోక్ లాగగానే నల్లపొగ కక్కి ఇంకా ఇబ్బంది పడితే పెట్రోల్ ఇప్పటికే ఎక్కువ పడుతున్నదని అర్థం. ప్లగ్గుల చివర పొడిమసి పట్టి ఉంటే ఈ మాట ఖాయం. రెండింటికీ మారకుండా మూడు సిలిండర్లలో ఒకటి మాత్రం మిస్ కొడుతుంటే ప్లగ్ వైరు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, ట్యాపెట్లు, కంప్రెషన్ చూపించండి.

ఇంకొక చవకైన సాక్ష్యం కాలుష్య పరీక్ష కేంద్రంలో దొరుకుతుంది. చాలామంది సర్టిఫికెట్ చేతికి రాగానే మడిచి జేబులో పెట్టుకుంటారు గాని, అందులోని అంకెలే మనకు కావలసినవి. మీ కాలపు కార్లకు కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 3 శాతం. అది బాగా ఎక్కువగా ఉంటే పెట్రోల్ అధికంగా పడుతున్నట్లు, అది తక్కువగా ఉండి హైడ్రోకార్బన్ అంకె మాత్రం పెరిగితే మంట సరిగా అందుకోనట్లు లెక్క. ఇది కూడా లీకు ఆగాకే చేయించండి.

ఇథనాల్ విషయానికి వస్తే, దానిమీద మోపుతున్న నేరాలన్నీ నిజం కావు, అలాగని అది నిర్దోషి కూడా కాదు. దేశంలో పెట్రోలులో ఇథనాల్ వాటా 2022లో 10 శాతానికీ 2025లో 20 శాతానికీ చేరింది. మీ కారు రబ్బరు భాగాలు ఆ మోతాదును దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు కనుక పాత హోసులు, డయాఫ్రమ్ ఉబ్బి, గట్టిపడి, పగిలే అవకాశం ఎక్కువ. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కనుక నెలల తరబడి కదలని బండి ట్యాంకులో తుప్పు కూడా చేరుతుంది. పైగా ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉండటం వల్ల కార్బ్యురేటర్‌లో పెట్రోల్ వచ్చే పాత కొలతల సన్న రంధ్రాలతో (జెట్లతో) మిశ్రమం కొంత పలచబడుతుంది. అందుచేత మీ మెకానిక్ స్క్రూ తిప్పడంలో కొంత న్యాయం లేకపోలేదు, అయితే అది చిట్టచివరి పని. ఇప్పుడు హోసులు మార్చేటప్పుడు మీటరు లెక్కన అమ్మే మామూలు గొట్టం, ముఖ్యంగా పారదర్శక ప్లాస్టిక్ పైపు వేయనివ్వకండి. ఇథనాల్ మిశ్రమానికి పనికివస్తుందని ముద్ర ఉన్న హోసునే అడిగి, కొత్త క్లిప్పులతో బిగించండి. ఫిల్టర్ కూడా మార్చి, కార్బ్యురేటర్‌కు నీడిల్, గాస్కెట్లు ఉండే రిపేర్ కిట్ వేయించి చూడండి. త్రాటిల్ షాఫ్టు (యాక్సిలరేటర్ తొక్కితే కార్బ్యురేటర్‌లో తిరిగే ఇరుసు) అరిగి వదులై ఆడుతుంటే తప్ప కార్బ్యురేటర్ మొత్తం మార్చనవసరం లేదు.

ప్రశ్న: నాది 2004 నాటి ఫ్యూయల్ ఇంజెక్షన్ కారు. నాకూ ఇవే ఇబ్బందులు. ఇవే పరీక్షలు చేయవచ్చా?
– మరొక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: చోక్ పరీక్ష మీకు వర్తించదు, హోసును ఊరికే ఊడదీయడం అసలే వర్తించదు. మీ పంపు ట్యాంకులో ఉండి సుమారు 3 బార్ ఒత్తిడితో పెట్రోల్ పంపుతుంది, అందువల్ల వదులైన కీలు దగ్గర పెట్రోల్ చుక్కగా కాక చిమ్ముగా బయటికి వస్తుంది. ఇంజెక్టర్ల దగ్గరి రబ్బరు రింగులు గట్టిపడటం ఈ వయసు బండ్లలో మామూలే. లీకు సరిచేశాక కూడా వణుకు పోకపోతే త్రాటిల్ బాడీలో పట్టిన మసినీ, ఐడిలింగ్ గాలి వాల్వునూ శుభ్రం చేయించండి. హోసు విప్పే పని మాత్రం ముందుగా ఒత్తిడి వదిలించడం తెలిసిన మెకానిక్‌కే అప్పగించండి.