పన్ను నొప్పికి రెండు నెలల జీతం: ఈఎంఐ మీద సంతకం పెట్టే ముందు

ప్రశ్న: ఉద్యోగం మారి కుటుంబంతో కొత్త ఊరికి వచ్చాను. కింద ఎడమవైపు దవడ పన్ను చల్లటివి తాగితే జివ్వుమంటోందని దగ్గర్లోని క్లినిక్‌కు వెళ్లాను. నోరంతటికీ ఒక ఎక్స్‌రే తీసి, రెండు రూట్ కెనాళ్లు, రెండు క్యాపులు, ఆరు ఫిల్లింగులు, డీప్ క్లీనింగ్ కావాలన్నారు. మొత్తం నా రెండు నెలల జీతం. ఇవాళే ఒప్పుకుని ఒకేసారి కడితే 10 శాతం తగ్గింపు, లేదంటే వడ్డీ లేని 12 నెలల ఈఎంఐ అన్నారు. కొంత అడ్వాన్స్ కట్టి వచ్చాను. ఏడాది కిందట పాత ఊళ్లో డాక్టర్ అంతా బాగుందనే చెప్పారు. ఇప్పుడేం చేయాలి? మా బడ్జెట్‌లో నమ్మకమైన డెంటిస్టును ఎలా వెతుక్కోవాలి?

జవాబు: మిగతా డబ్బు కట్టకండి, ఈఎంఐ కాగితం మీద సంతకం పెట్టకండి. ముఖం వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడం కష్టమైనా మాత్రం ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి ఆ రోజే చికిత్స చేయించుకోండి. మింగడానికో ఊపిరి తీసుకోవడానికో ఇబ్బంది ఉంటే నేరుగా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. అవేవీ లేకుండా చల్లదనానికి జివ్వుమనడమే అయితే వారం పది రోజులు తీసుకుని తేల్చుకోవచ్చు. నెలల తరబడి నానబెట్టడం మాత్రం పొదుపు కాదు. ఇవాళ ఫిల్లింగ్‌తో సరిపోయే పన్ను రేపు రూట్ కెనాల్, క్యాప్ అడుగుతుంది. ఆ తర్వాత పీకించి ఇంప్లాంట్ పెట్టించుకునేదాకా పోతుంది. మెట్టు మెట్టుకీ ఖర్చు కొన్ని రెట్లు పెరుగుతుంది.

ఆ క్లినిక్ మోసం చేసిందని ఇప్పుడే అనుకోనక్కర్లేదు. నిజాయతీ ఉన్న ఇద్దరు డెంటిస్టులు ఒకే నోరు చూసి రెండు రకాల లిస్టులు రాయడం మామూలే. చిన్న మచ్చ కనిపిస్తే ఒకరు ఆగి చూద్దామంటారు, ఇంకొకరు ఇప్పుడే నింపేద్దామంటారు. అయితే పెద్దవాళ్లలో పిప్పి సాధారణంగా నెమ్మదిగా నడుస్తుంది. ఏవైనా మందుల వల్ల నోరు ఎండిపోతున్నా, రోజంతా తీపి పానీయాలు చప్పరించే అలవాటున్నా వేగం పెరుగుతుంది. ఈ కారణాలేవీ లేకుండా ఏడాదిలో ఎనిమిది పళ్లు పాడయ్యాయంటే మాత్రం ఆధారం అడగాల్సిందే.

ఆధారం అంటే రెండు వస్తువులు: మీ ఎక్స్‌రేల అసలు ఫైళ్లు, పన్ను నంబర్లతో వివరంగా రాసిన అంచనా. ఫోన్‌తో స్క్రీన్‌ను తీసిన ఫోటో పనికిరాదు. ఫైల్‌నే మెయిల్ చేయమనండి. ‘ఫిల్లింగులు 6’ అని రాసిస్తే దాన్ని దేనితోనూ పోల్చలేరు. ఏ పన్ను, ఏ వైపు అన్నది ఉండాలి. చాలా దేశాల్లో పళ్లకు రెండంకెల నంబర్లు వాడతారు. మొదటి అంకె నోట్లో భాగాన్ని చెబుతుంది: 1 అంటే మీ కుడివైపు పైన, 2 ఎడమవైపు పైన, 3 ఎడమవైపు కింద, 4 కుడివైపు కింద. రెండో అంకె ముందుపళ్ల మధ్య నుంచి లోపలికి లెక్క, 1 నుంచి 8 వరకు. 36 అంటే ఎడమవైపు కింద ఆరో పన్ను, అంటే మొదటి పెద్ద దవడ పన్ను. మీ నొప్పి అక్కడే కావచ్చు. కొన్నిచోట్ల 1 నుంచి 32 వరకు వరసగా లెక్కపెడతారు, అక్కడ ఇదే పన్ను 19. ఏ పద్ధతో అడిగి కాగితం మీదే రాయించుకోండి.

ఇక లిస్టులోని ఒక్కో పద్దును ఎలా ప్రశ్నించాలో చూద్దాం. ఏ పన్నుకు ఏం చేయాలో చెప్పేది డాక్టరే. అంచనా కాగితంలో ఏ పద్దుకు రుజువు ఉంది, దేనికి లేదు అన్నంతవరకే నేను చెప్పగలిగేది.

నోరంతా ఒకే బొమ్మలో పడే పెద్ద ఎక్స్‌రే జ్ఞానదంతాలు, దవడ ఎముక చూడటానికి బాగుంటుంది. రెండు పళ్ల మధ్య దాగిన చిన్న పిప్పిని అది స్పష్టంగా చూపదు. దానికి బైట్‌వింగ్ అనే చిన్న ఎక్స్‌రే తీయాలి. పెద్ద ఎక్స్‌రే ఒక్కటే చూసి ఆరు ఫిల్లింగులు రాశారంటే, ‘బైట్‌వింగ్ ఎందుకు తీయలేదు? ఒక్కో పన్నులో పిప్పి ఎంత లోతు వెళ్లింది?’ అని అడగండి. పై పొర ఎనామెల్ దాటని, గుంట పడని మచ్చను చాలాసార్లు ఫ్లోరైడ్ పేస్ట్, ఫ్లోరైడ్ పూతతో ఆపవచ్చు. ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ చూస్తారు. లోపలి పొర డెంటిన్‌లోకి వెళ్లి గుంట పడితే ఫిల్లింగ్ కావాలి. నోట్లో పెట్టే చిన్న కెమెరాతో తీసిన బొమ్మ పెద్ద తెరమీద ఎవరినైనా హడలగొడుతుంది. దవడ పన్ను గాడిలోని టీ మరక కూడా అందులో గుహలా కనిపిస్తుంది, కాబట్టి బొమ్మ ఒక్కటే చూసి ఒప్పుకోకండి.

రూట్ కెనాల్‌కు ఆ పన్ను వేరు కొస దాకా కనిపించే ఎక్స్‌రే, చల్లదనం పరీక్ష, పన్ను మీద మెల్లగా తట్టి చూడటం, ఈ మూడూ జరిగాయా? చల్లటిది తగిలి కొన్ని సెకన్లలో సర్దుకునే జివ్వుకు తరచుగా ఫిల్లింగ్ సరిపోతుంది. తగిలిన దాన్ని తీసేశాక కూడా అర నిమిషం, ఆపైన లాగుతూ ఉండటం, రాత్రి తనంతట తనే నిద్ర లేపే నొప్పి, వేరు కొస దగ్గర నల్లని నీడ ఇవి రూట్ కెనాల్ వైపు చూపుతాయి. లోపలి నరం చచ్చిపోతే నొప్పి తెలియకపోవచ్చు, అందుకే నొప్పి లేని రెండో పన్నుకు రాసిన రూట్ కెనాల్‌ను వెంటనే కొట్టేయకుండా పరీక్ష ఫలితం అడగండి.

డీప్ క్లీనింగ్‌కు రుజువు అంకెల్లో ఉండాలి. సన్నటి కొలబద్దతో ప్రతి పన్ను చుట్టూ ఆరుచోట్ల చిగురు లోతు కొలిచి రాస్తారు. 1 నుంచి 3 మిల్లీమీటర్లు మామూలు. 4, అంతకు మించి ఉండి రక్తం కారుతూ, ఎక్స్‌రేలో ఎముక తగ్గినట్టు కనిపిస్తే చిగుళ్ల లోపలిదాకా శుభ్రం చేయడంలో అర్థముంది. ఆ పట్టిక లేదంటే కొలవలేదనే లెక్క. పైపైన గార పేరుకుని ఉంటే మామూలు స్కేలింగ్ చాలు, దాని ధర చాలా తక్కువ.

రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు ఎక్స్‌రేలు తీసుకెళ్లండి, మొదటి క్లినిక్ లిస్టు మాత్రం ఇంట్లో పెట్టండి. లిస్టు చూపిస్తే చర్చ ధర మీదకు పోతుంది. కన్సల్టేషన్ ఫీజు తీసుకునే చోటికే వెళ్లండి, చికిత్స ఇక్కడ చేయించుకుంటామో లేదో ఇంకా అనుకోలేదని ముందే చెప్పండి. ఉచిత చెకప్ ఖర్చు ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి కదా. ఇద్దరి లిస్టుల్లోనూ ఉన్న పళ్లకు ముందు డబ్బు కేటాయించండి. ఒకరి లిస్టులోనే ఉన్నవాటికి ‘ఆరు నెలలు ఆగితే ఏమవుతుంది?’ అని ఆ డాక్టర్‌నే అడగండి. ఈ ప్రశ్నకు ఓపిగ్గా జవాబిచ్చేవారే సాధారణంగా మీరు వెతుకుతున్న మనిషి.

అలాంటివారి పేర్లు ఎక్కడ దొరుకుతాయి? ముందు మీ పాత డెంటిస్టుకు ఫోన్ చేయండి. పాత ఎక్స్‌రేలు ఎలాగూ కావాలి, పాతది కొత్తది పక్కపక్కన పెడితే సగం వాదన అక్కడే తీరిపోతుంది. ఈ ఊళ్లో తెలిసిన సహాధ్యాయి ఎవరైనా ఉన్నారేమో కూడా అడగండి. పళ్లకు క్లిప్పులు వేసే ఆర్థోడాంటిస్టులు, రూట్ కెనాల్ స్పెషలిస్టులు రోజూ ఇతరుల పనితనం చూస్తుంటారు. క్యాపులు తయారుచేసే ల్యాబ్ టెక్నీషియన్‌కైతే ఎవరు కొలత జాగ్రత్తగా పంపుతారో ఇంకా బాగా తెలుసు. డాక్టర్ రిజిస్ట్రేషన్‌ను లైసెన్సు ఇచ్చే కౌన్సిల్ దగ్గర సరిచూసుకోండి. ఆన్‌లైన్ రివ్యూల్లో నొప్పి తెలియలేదు, బాగా మాట్లాడారు అన్నవి రోగనిర్ధారణ గురించి ఏమీ చెప్పవు. బిల్లు గురించి రాసినవి మాత్రం చదవండి.

డబ్బు బాగా బిగుతుగా ఉంటే డెంటల్ కాలేజీ ఆసుపత్రి మంచి దారి. విద్యార్థులు చేస్తారు, ప్రతి దశనూ అధ్యాపకులు చూస్తారు. క్లినిక్‌లో అరగంట పట్టే ఫిల్లింగ్‌కు అక్కడ పూట గడవచ్చు, పరీక్షలప్పుడు, సెలవుల్లో పని ఆగుతుంది. స్కేలింగ్, ఫిల్లింగులు, పన్ను తీయడం, కట్టుడు పళ్లకు నిశ్చింతగా వెళ్లవచ్చు. దవడ పన్ను రూట్ కెనాల్‌కైతే పీజీ విభాగం అడగండి.

ఎవరిని ఎంచుకున్నా మొదట చిన్న పని చేయించండి, ఒక స్కేలింగ్ లేదా ఒక ఫిల్లింగ్. ఫిల్లింగ్ అయ్యాక రంగు కాగితం కొరికించి ఎత్తు సరిచూశారా? ఆ సందులో ఫ్లాస్ దారం చిరగకుండా దిగుతోందా? ఈ రెండూ పనితనానికి గుర్తులు.

ధరలు పోల్చేటప్పుడు ‘రూట్ కెనాల్ ఇంత’ అన్న అంకెను నమ్మకండి. అందులో ఎక్స్‌రేలు, మత్తు, రూట్ కెనాల్ తర్వాత పన్నును మళ్లీ కట్టే కోర్ ఫిల్లింగ్, క్యాప్ ఏవి కలిశాయో చూడండి. తక్కువ ధర చెప్పిన చోట కోర్, క్యాప్ విడివిడిగా వచ్చి మొత్తం పెరగవచ్చు. ముందుపన్ను వేరులో సాధారణంగా ఒక కాలువ (కెనాల్), దవడ పన్నుకు మూడు నాలుగు ఉంటాయి, ధరలో తేడా అక్కడి నుంచే వస్తుంది. పని అయ్యాక తీసిన ఎక్స్‌రేలో నింపిన పదార్థం వేరు కొసకు 2 మిల్లీమీటర్ల లోపు చేరిందా అని అడగండి. బాగా పొట్టిగా ఆగిపోతే తిరిగి చేయించాల్సిన అవకాశం పెరుగుతుంది, రెండోసారి ఖర్చు మొదటిదానికన్నా ఎక్కువ. క్యాపుల్లో లోహంది గట్టిది, చవక, పన్నును తక్కువగా అరగదీస్తారు. నవ్వితే కనిపించని చివరి పన్నుకు పన్ను రంగులో ఉండే జిర్కోనియా క్యాప్ తప్పనిసరి కాదు. వారంటీ కార్డు చూసి ఎక్కువ పెట్టకండి. అది చాలావరకు క్యాప్ పగిలితేనే, దాని కింద పన్ను పుచ్చితే వర్తించదు.

వడ్డీ లేని ఈఎంఐ సంగతి. 100 బిల్లుకు ఒకేసారి కడితే 90 అన్నారు. అంటే అసలు ధర 90. ఈఎంఐలో మీరు 90 అప్పు తీసుకుని నెలకు 8.33 చొప్పున 12 నెలల్లో 100 కడుతున్నారు. లెక్కగడితే వడ్డీ ఏడాదికి దాదాపు 20 శాతం. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే ఇంకా ఎక్కువ. దానికన్నా పెద్ద ప్రమాదం, అప్పిచ్చిన సంస్థ మొత్తాన్ని ముందే క్లినిక్‌కు ఇచ్చేస్తుంది. డాక్టర్ మారినా, క్లినిక్ మూతపడినా, మీకు పని నచ్చకపోయినా కిస్తీలు ఆగవు. అలాగని 10 శాతం కోసం మొత్తం ముందే కట్టేయడమూ వద్దు. ఏ సిట్టింగ్‌కు ఆ సిట్టింగ్ కట్టండి. అప్పుడు నొప్పి ఉన్న పన్ను ఈ నెల, గుంట పడ్డ పళ్లు తర్వాతి నెలల్లో ఒక్కోటిగా, క్యాప్ జీతం వచ్చాక అని సర్దుకోవచ్చు. రూట్ కెనాల్ అయిన దవడ పన్నుకు క్యాప్‌ను మాత్రం నెలల తరబడి వాయిదా వేయకండి, ఈలోగా పన్ను చీలితే పెట్టిందంతా పోతుంది.

కొత్త ఉద్యోగంలో బీమా ఉంటే పళ్ల చికిత్సకు నిరీక్షణ కాలం, ఏడాది పరిమితి ఎంతో ముందే రాతపూర్వకంగా అడగండి. పరిమితి తక్కువైతే అత్యవసరం కానివి పాలసీ ఏడాది మారాక చేయించవచ్చు. డిస్కౌంట్ కార్డు బీమా కాదు. ఇది సర్దుకున్నాక ఇక్కడి ధరల్లో ఒక దవడ పన్ను రూట్ కెనాల్, క్యాప్ కలిపి ఎంతో చూసి, రెండేళ్లలో కూడేలా దాన్ని 24తో భాగించి నెలనెలా విడి ఖాతాలో వేయండి. అత్యవసర నిధిని దీనికి తాకకండి.

చివరగా మీ అడ్వాన్స్. ఇప్పటివరకు చేసిన పరీక్షల ఫీజు తీసుకుని మిగతాది వెనక్కివ్వమని మెయిల్‌లో రాయండి, రసీదు జతచేయండి, జవాబుకు ఒక తేదీ పెట్టండి. ఇవ్వం అంటే స్కేలింగ్‌కో, ఇద్దరు డాక్టర్లూ ఒప్పుకున్న ఒక ఫిల్లింగ్‌కో సర్దమనండి, అదీ కుదరకపోతే పోయిన డబ్బు అనుకోండి, దానికోసం మిగతా లిస్టు ఒప్పుకోవద్దు. క్లినిక్ నుంచి వచ్చేసే హడావుడిలో ఫోన్‌లో ఓటీపీ ఏదైనా చెప్పి ఉంటే అప్పు ఇప్పటికే మంజూరై ఉండవచ్చు. అలాగైతే ఒప్పందంలో రద్దు గడువు ఎన్ని రోజులో ఇవాళే చూసి, క్లినిక్‌తో పాటు అప్పిచ్చిన సంస్థకు నేరుగా రాయండి.