బ్యాటరీ మీద రాస్‌బెర్రీ పై: ముందు ఫ్యూజు, తర్వాతే మిగతావి

చిరంజీవి కిరణ్‌కి ఆశీస్సులు.

తోటలో మోటారు షెడ్డు దగ్గర 12 వోల్టుల 40 ఏహెచ్ (ఆంపియర్ గంటల) బ్యాటరీ మీద రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు (కింద ‘పై’ అన్నది దాన్నే) నడపాలనుకుంటున్నావు కదా. సామాను కొనేముందే ఇది చదువు.

బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కి జానెడు దూరంలోపే 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టు. అన్నిటికంటే ముందు చేసే పని అదే. ఇంత లెడ్ యాసిడ్ బ్యాటరీ షార్టయితే వందల ఆంపియర్లు వదులుతుంది, నువ్వు వేసే 1 స్క్వేర్ ఎంఎం వైరు క్షణాల్లో కాలి పైతొడుగు అంటుకుంటుంది. ఫ్యూజు కాపాడేది కంప్యూటర్‌ని కాదు నాయనా, వైరుని, షెడ్డుని. దాన్ని తీసుకెళ్లి కంప్యూటర్ పక్కన పెడితే, మధ్యలో ఎలుక కొరికిన చోట షార్టయినా ఫ్యూజు పోదు. 3 చాలదేమోనని పెద్దది వెయ్యకు. కంప్యూటర్ 15 వాట్లు లాగినా కన్వర్టర్ నష్టంతో కలిపి బ్యాటరీ వైపు ఒకటిన్నర ఆంపియరే.

12 వోల్టుల్ని 5 చెయ్యడానికి 7805 రెగ్యులేటర్ చిప్ వద్దు. ఒక్క ఆంపియర్‌కే ఏడు వాట్లకు పైగా వేడిగా పోతుంది. పెద్దగా వేడి చెయ్యకుండా వోల్టేజి తగ్గించే బక్ కన్వర్టర్ బోర్డు, 5 ఆంపియర్లది తీసుకో. ఇన్‌పుట్ కనీసం 24 వోల్టులు తట్టుకోవాలి, ఛార్జింగ్‌లో బ్యాటరీ 14.4 దాకా ఎక్కుతుంది. స్క్రూతో తిప్పి వోల్టేజి పెట్టుకునే రకమైతే పై తగిలించకముందే మల్టీమీటర్‌తో 5.1కి తెచ్చుకో, కొత్త బోర్డు ఎంతకి తిప్పి ఉందో నమ్మకం లేదు. తర్వాత 4.7 ఓం, 10 వాట్ల సిరామిక్ రెసిస్టర్ తగిలించి పది నిమిషాలు ఉంచు. బాగా కాలుతుంది, పెంకు ముక్క మీద పెట్టు. మళ్లీ కొలిచినప్పుడు అంకె కదలకపోతే ఆ స్క్రూ మీద ఒక చుక్క గోళ్ల రంగు వెయ్యి, మోటారు అదురుకి తిరగకుండా ఉంటుంది.

కన్వర్టర్‌ని పై పక్కనే పెట్టి, పొడుగు వైరు 12 వోల్టుల వైపు లాగు. మీటరు పొడవున్న సన్న యూఎస్‌బీ కేబుల్‌లో 2 ఆంపియర్ల దగ్గర అర వోల్టు పైనే పోతుంది. వోల్టేజి 4.63 కిందికి దిగితే కంప్యూటర్ తన తెర మీద మెరుపు గుర్తు చూపిస్తుంది. కరెంటు టైప్-సి నుంచే ఇవ్వు. పిన్నుల మీద ఇస్తే ఒక్క పిన్ను అటూ ఇటూ అయినా బోర్డు పోతుంది.

ఇక బ్యాటరీ సంగతి. కంప్యూటర్ సగటున 5 వాట్లు తింటే, కన్వర్టర్ నష్టంతో కలిపి రోజుకి దాదాపు 12 ఏహెచ్. బ్యాటరీలో సగమే వాడుకోవాలి, అంటే ఒకటిన్నర రోజు. పదేపదే అడుగంటా దించితే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి ఇక ఛార్జి ఎక్కదు. అందుకే 11.6 దగ్గర తెంపి 12.8 దగ్గరే మళ్లీ కలిపే లో వోల్టేజ్ కటాఫ్ పెట్టు. ఈ రెండూ దగ్గర దగ్గరగా ఉంటే, లోడ్ తీసెయ్యగానే వోల్టేజి కాస్త పైకి లేచి, మళ్లీ కలిసి, మళ్లీ తెగి, మెమరీ కార్డు పాడయ్యేదాకా అదే తంతు.

తెగకముందే 11.9 దగ్గర పై తనంతట తాను షట్‌డౌన్ కావాలి. ఆ కంప్యూటర్‌కి వోల్టేజి కొలిచే పిన్ను లేదు కాబట్టి, వోల్టేజి కొలిచి దానికి అంకెగా చెప్పే ఏడీఎస్1115 బోర్డుని 3.3 వోల్టుల మీద నడుపు. బ్యాటరీ ప్లస్ నుంచి 100కె (కిలో ఓం) రెసిస్టర్, మైనస్‌కి 22కె రెసిస్టర్ వేసి మధ్య నుంచి తియ్యి, 15 వోల్టులు వచ్చినా అక్కడ దాదాపు 2.7 వోల్టులే. ఒక చిక్కుంది: షట్‌డౌన్ అయ్యాక, కటాఫ్ పడేలోపే ఛార్జర్ వస్తే పై నిద్రలోనే ఉండిపోతుంది. దానికి కంప్యూటర్ బోర్డు మీది 5, 6 పిన్నుల మధ్య బటన్ పెట్టు, నొక్కితే లేస్తుంది. నడుస్తున్నప్పుడు మాత్రం నొక్కకు, ఏడీఎస్ లైను కూడా 5వ పిన్ను మీదే ఉంది.

పైని బ్యాటరీ పెట్టెలో పెట్టొద్దు. యాసిడ్ ఆవిరికి కాంటాక్టులు తుప్పు పడతాయి. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ కూడా వస్తుంది, పెట్టెకి పైన గాలి రంధ్రాలు ఉంచు. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర.

ఇట్లు
పెదనాన్న