బాకెన్ చమురు అంకెలు ఒక్కోచోట ఒక్కోలా ఎందుకుంటాయి?

అమెరికాలోని బాకెన్ చమురు ప్రాంతం నుంచి రోజుకు తీసే చమురు ఒక నివేదికలో కంటే ఇంకో నివేదికలో లక్ష బ్యారెళ్ళు ఎక్కువ ఉంది, ఏది తప్పు అని అడిగారు. చాలాసార్లు రెండూ ఒప్పే అవుతాయి. వాళ్లు లెక్కపెట్టినవే వేరు.

నేను కోవూరులో ఇంటి నుంచే ఒక కంపెనీకి ఈ అంకెలు సరిచూసే పని ఆరేళ్లుగా చేస్తున్నాను. మా నెల్లూరు వైపు వడ్లు పుట్ల లెక్కన అమ్ముతాం. పుట్టి అంటే మాకు 850 కిలోలు. బయట జిల్లా వ్యాపారి వస్తే మా నాన్న ధర ఎత్తకముందే "మీ లెక్కలో పుట్టంటే ఎన్ని కిలోలయ్యా?" అని అడిగేవారు. నివేదిక తెరవగానే నేనూ అదే చూస్తాను: వీళ్ల లెక్కలో బాకెన్ అంటే ఏది?

బాకెన్ అనేది నార్త్ డకోటా, మోంటానా రాష్ట్రాల నుంచి కెనడా దాకా నేల కింద పరుచుకున్న రాతిపొర. నార్త్ డకోటా ప్రభుత్వం దాని కిందున్న త్రీ ఫోర్క్స్ పొరను కూడా బాకెన్‌లోనే కలిపి చూపిస్తుంది. అమెరికా ఇంధన సమాచార సంస్థ ఈఐఏ 'బాకెన్ ప్రాంతం' అన్నదంటే మోంటానా కౌంటీలూ (మన జిల్లాల్లాంటివి) వస్తాయి, అక్కడి వేరే పొరల చమురూ వస్తుంది. వార్తల్లోనైతే నార్త్ డకోటా మొత్తాన్నే బాకెన్ అని రాసేస్తుంటారు. 2019 నవంబరులో రోజుకు 15 లక్షల బ్యారెళ్ళు దాటిన రికార్డు నిజానికి రాష్ట్రం మొత్తానిది.

ఆ తర్వాత నెలలో ఎన్ని రోజులో చూడండి. ఇది నాకు దెబ్బ తగిలి తెలిసింది. చేరిన మొదటి ఏడు, ఫిబ్రవరి ఉత్పత్తి ఒక్కసారిగా 10 శాతం పడిపోయిందని నోట్ రాసి పంపేశాను. రోజుకు 12 లక్షల బ్యారెళ్ళ చొప్పున జనవరి 31 రోజులకు 3 కోట్ల 72 లక్షలు, ఫిబ్రవరి 28 రోజులకు 3 కోట్ల 36 లక్షలు. బావుల్లో ఏమీ తగ్గలేదు, క్యాలెండర్‌లో మూడు రోజులు తగ్గాయంతే. మా సీనియర్ ఫోన్ చేసి "నెల మొత్తాన్ని రోజులతో భాగించావా అమ్మా?" అని మెల్లగా అడిగితే ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. అప్పటినుంచి రోజుకు సగటు తీయకుండా ఏ రెండు నెలలనూ పోల్చలేదు.

నార్త్ డకోటా అంకెలు సుమారు రెండు నెలల ఆలస్యంగా వస్తాయి, తర్వాత సవరణలూ పడతాయి. అందుకని నివేదిక ఏ తేదీదో తప్పకుండా చూడాలి. బావుల వారీగా మీరే కూడితే మొత్తం తక్కువ వస్తుంది. కొత్త బావుల వివరాలను కంపెనీలు ఆరు నెలల వరకు గోప్యంగా ఉంచుకునే వీలుంది, వాటి ఉత్పత్తి ఆ పట్టికలో కనిపించదు. కంపెనీల ప్రకటనల్లో 'చమురుకు సమానమైన బ్యారెళ్ళు' అని ఉంటే గ్యాస్‌ను కూడా కలిపేశారని అర్థం. 6,000 ఘనపుటడుగుల గ్యాస్‌ను ఒక బ్యారెల్‌గా కడతారు. అలాంటి అంకెను ఉత్త చమురు అంకె పక్కన పెట్టకండి.

మీరు చూసిన రెండు నివేదికల పేర్లు, అవి ఏ నెలవో ఇక్కడ రాయండి, పక్కపక్కన పెట్టి చూసి చెబుతాను.