ఈటీవీ ఎలా ఎదిగింది? రేపల్లెలో డిష్ పట్టుకుని నిలబడ్డ ఒకడి సమాధానం

1995లో ఒక్క తెలుగు ఛానల్‌గా మొదలైన ఈటీవీ ఏడేళ్లు తిరిగేసరికి అన్నేసి భాషలకు ఎలా విస్తరించింది, అంత కష్టపడి పెట్టిన ఇతర భాషల ఛానళ్లను ఆ తరువాత ఎందుకు వదులుకుంది అని అడిగారు. సాధారణంగా ఈ ప్రశ్నకు రామోజీరావు గారి దూరదృష్టి అనో, ఫిల్మ్ సిటీ అనో సమాధానం వస్తుంది. అవి అబద్ధాలు కావు. అయితే 1993 నుంచి పదేళ్లకు పైగా రేపల్లెలో ఒక కేబుల్ కంట్రోల్ రూమ్‌లో పనిచేసినవాడిగా నాకు తెలిసిన కథ వేరు. టీవీ కంపెనీ ఎదుగుదలను అందరూ స్టూడియో వైపు నుంచి చూస్తారు. నేను డాబా మీద నుంచి చూశాను. నా లెక్క ప్రకారం ఏ ఛానల్ భవిష్యత్తయినా ఊళ్లో కేబుల్ నడిపేవాడు దానికి ఏ నంబరు ఇచ్చాడన్న దాని మీదే తేలిపోయేది.

అప్పటి పరిస్థితి కొంచెం చెప్పాలి. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 నుంచి ఉన్నా, తెలుగు అనేది సాయంత్రం పూట కొన్ని గంటలు మాత్రమే దొరికే సరుకు. శుక్రవారం చిత్రలహరి కోసం వీధి మొత్తం టీవీ ఉన్న ఇంట్లో చేరేది. 1991లో గల్ఫ్ యుద్ధాన్ని సీఎన్ఎన్‌లో చూపించడంతో పెద్ద ఊళ్లలో డిష్‌లు లేచాయి, ఆ వెనుకే స్టార్, 1992లో జీ వచ్చాయి. రేపల్లెలో మాత్రం ఈ ఇంగ్లీషు, హిందీ ఛానళ్ల కోసం ఎవరూ నెలకు 60 రూపాయలు ఇవ్వలేదు. వాళ్లు డబ్బు కట్టింది మా వీడియో ఛానల్‌కు, అంటే మా ఓనర్ గారు రోజూ రాత్రి క్యాసెట్ పెట్టి వేసే తెలుగు సినిమాకు. మధ్యమధ్యలో బట్టల కొట్టు, బంగారం కొట్టు, కల్యాణ మండపం ప్రకటనలు నడిచేవి. ఈటీవీకి మా ఊళ్లో ఎదురైన మొదటి పోటీదారు దూరదర్శన్ కాదు, జెమిని కూడా కాదు. మా ఓనర్ గారి క్యాసెట్ ప్లేయరు.

తమిళంలో సన్ టీవీ 1993 ఏప్రిల్ 14న, తమిళ సంవత్సరాదినాడు, మొదలైంది. తెలుగులో జెమిని 1995లో వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 27న, ఆదివారం నాడు, ఈటీవీ మొదలవుతుందని ఈనాడులో రోజూ ప్రకటనలు చూసిన జనం వారం ముందు నుంచే మా ఆఫీసుకు వచ్చి అడగడం మొదలుపెట్టారు. అసలు కీలకం అదేనని నేను తరువాత గ్రహించాను. మిగిలిన ఛానళ్లు మొదట ప్రసారం మొదలుపెట్టి ఆ తరువాత ప్రేక్షకులను వెతుక్కున్నాయి. దీనికి మాత్రం ప్రసారం మొదలుకాకముందే పొద్దున్నే పేపరు తెరిచే లక్షల ఇళ్లు సిద్ధంగా ఉన్నాయి.

కొత్త ఉపగ్రహం అంటే కొత్త డిష్ కావాలి. విజయవాడ నుంచి పన్నెండు అడుగుల జాలీ డిష్ ముక్కలుగా లారీలో వచ్చింది. డాబా మీద పైపు పాతి కాంక్రీటు పోసింది శుక్రవారం సాయంత్రం. కనీసం వారం ఆరాలని తాపీమేస్త్రీ నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాడు. ఆదివారం మధ్యాహ్నానికే మేము డిష్ ఎక్కించాము. నేను పైన, ఓనర్ గారు కింద కంట్రోల్ రూమ్‌లో, మధ్యలో మెట్ల మీద మాటలు మోయడానికి ఒక కుర్రవాడు. “వచ్చిందాండీ?” అని నేను అరిస్తే, “చీమలు! ఇంకా చీమలే!” అని కింద నుంచి జవాబు వచ్చేది. అంగుళం జరపడానికి గంట పట్టింది. చివరికి “ఆగు, ఆగు, కదలకు!” అన్న కేక వినిపించింది. డిష్ మధ్యలో సిగ్నల్ అందుకునే ఎల్‌ఎన్‌బీ బిగించి, నట్లు బిగించి, కిందికి దిగి చూస్తే తెర మీద బొమ్మ అద్దంలా ఉంది.

చీకటి పడ్డాక గాలి, వెంట జల్లు మొదలయ్యాయి. కింద బొమ్మ చెదరడం, వీధిలో ఒక్కసారిగా గోల లేవడం ఒకేసారి జరిగాయి. పైకి పరుగెత్తి చూస్తే, ఆరని కాంక్రీటులో పైపు పళ్లూడే పిల్లవాడి పన్నులా కదులుతోంది. పిట్టగోడకు తాడు కట్టాము, పక్కింటి కొబ్బరి చెట్టుకు ఇంకో తాడు కట్టాము, అయినా ఆ అంగుళం తేడా సరిపడలేదు. చివరికి నేనే డిష్ అంచు పట్టుకుని, కింద నుంచి వచ్చే కేకలను బట్టి కొంచెం ఎత్తుతూ, కొంచెం దించుతూ దాదాపు రెండు గంటలు వానలో నిలబడ్డాను. రెండు రోజుల్లో వినాయక చవితి కావడంతో ఎదురు వీధిలో పందిరి వేస్తున్నవాళ్లు పని ఆపి నన్నే చూస్తూ నవ్వుకున్నారు. రేపల్లెలో ఈటీవీ మొదటి రాత్రి నా చేతుల మీద నడిచిందని నేను చెప్పుకుంటే అతిశయోక్తి కాదు. మొదటి రోజు ఏమేమి వేశారో అడగకండి, నేను ఒక్కటీ చూడలేదు.

అదే వారంలో హైదరాబాద్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం కూలిపోయింది, సెప్టెంబరు 1న చంద్రబాబు నాయుడు గారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఊరంతా వార్తల ఆకలితో ఉన్న సమయమది. అయితే ఆ రోజుల్లో ప్రైవేటు ఛానల్ మన నేల మీద నుంచి నేరుగా ఉపగ్రహానికి సిగ్నల్ పంపుకునే స్వేచ్ఛ ఇంకా లేదు. చాలా ఛానళ్లు రికార్డు చేసిన క్యాసెట్లను విమానంలో విదేశాలకు పంపి అక్కడి నుంచి ప్రసారం చేయించుకునేవి. ఇప్పుడు నిమిషానికో బ్రేకింగ్ న్యూస్ చూసే పిల్లలకు ఇది చెబితే నమ్మరు.

ఇప్పుడు నంబరు సంగతి. అప్పటి పాత టీవీలలో పన్నెండు మీటలు ఉండేవి, అవి రెండు నుంచి పన్నెండు నంబర్ల దాకా ఉన్న బ్యాండ్‌నే పట్టుకునేవి. అవి కాక కేబుల్ కోసం వాడే ఎస్ బ్యాండ్, హైపర్ బ్యాండ్ కొత్త కలర్ టీవీలకు మాత్రమే అందేవి. మా కంట్రోల్ రూమ్‌లో ఆ కింది నంబర్లన్నీ నిండిపోయి ఉండటంతో ఈటీవీని ఎస్ బ్యాండ్‌లో వేశాము. పర్యవసానం ఏమిటంటే ఊళ్లో సగం ఇళ్లకు అది వచ్చింది, సగం ఇళ్లకు రాలేదు. ఒక పెద్దావిడ నెల వసూలుకు వెళ్లిన నన్ను గుమ్మంలోనే నిలబెట్టి, “ఏం అబ్బాయ్, పక్కింట్లో కనిపించే బొమ్మ మా ఇంట్లో ఎందుకు కనిపించదు? మేమిచ్చేవి డబ్బులు కావా?” అని అడిగారు. బ్యాండ్ గురించి ఆవిడకు వివరించబోయాను. “బ్యాండూ మేళమూ నాకెందుకు, వచ్చినప్పుడే వచ్చి తీసుకో” అని తలుపు వేసేశారు. ఆ నెల అలాంటి తలుపులు చాలా మూసుకున్నాయి.

ఏడో నంబరులో అందరికన్నా శుభ్రంగా వచ్చేది మా వీడియో ఛానల్. దాన్ని కదపడానికి ఓనర్ గారు ససేమిరా అన్నారు, ఎందుకంటే బట్టల కొట్టువాడి డబ్బు అక్కడి నుంచే వచ్చేది. వసూళ్లు ఆగిపోయి, ఎవరో రెండో కేబుల్ పెడతారన్న పుకారు లేచాక, 1996 సంక్రాంతి ముందు ఒక రాత్రి ఆయనే స్వయంగా, ఒక్కో ఛానల్‌ను ఒక్కో నంబరు మీదికి ఎక్కించే మాడ్యులేటర్ల వైర్లు మార్చారు. ఈటీవీ ఏడుకు వచ్చింది, మా వీడియో ఛానల్ ఎస్ బ్యాండ్‌కు పోయింది, ఏడాదిలోపు మూతపడింది. ఆంధ్రదేశంలో ప్రతి చిన్న ఊళ్లోనూ ఇదే జరిగిందని నేను ఘంటాపథంగా చెప్పగలను, లెక్కలు మాత్రం అడగవద్దు. తరువాతి కాలంలో ఇదే నంబరు కోసం ఛానళ్లు క్యారేజ్ ఫీజు పేరుతో కేబుల్ సంస్థలకు కోట్లు పోశాయి. మా దగ్గర ఆ పని పెద్దావిడల తిట్లతో ఉచితంగా జరిగింది.

నంబరు వచ్చాక నిలబెట్టుకోవడం వేరే విద్య, ఆ విద్య వాళ్లకు పేపరు నేర్పింది. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు, 1989 నుంచి జిల్లా అనుబంధాలు వేస్తూ మండలానికో విలేకరిని పెంచుకుంది. పేపరులో ‘న్యూస్‌టుడే’ అని కనిపించే ఆ విలేకరుల యంత్రాంగమే రాత్రి తొమ్మిది గంటల వార్తలకు పునాది అయింది. 1969 నుంచి పత్రికగా వస్తున్న అన్నదాత పొద్దున పూట కార్యక్రమమైంది. మా డెల్టాలో ఆకుమడి పనికి వెళ్లే రైతు టీ తాగుతూ దాన్ని చూసి వెళ్లేవాడు, కరెంటు పోతే తిట్లు మాత్రం మాకు పడేవి. 1996లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారితో పాడుతా తీయగా వచ్చింది. నిర్మాణం కూడా సొంతమే. సన్ బృందం నిర్మాతలకు అరగంట చొప్పున సమయం అమ్మి, సీరియల్ ఖర్చూ ప్రకటనల అమ్మకమూ వాళ్ల నెత్తిన పెట్టి, తాను నిశ్చింతగా ఫీజు వసూలు చేసుకునేది. ఆ పద్ధతిలో నష్టభయం లేదు, లాభం ఎంతటిదంటే 2006లో వాటా 875 రూపాయల చొప్పున అమ్మి సుమారు 600 కోట్లు సమీకరించగలిగింది. ఈటీవీ ఎక్కువగా అన్నీ తానే తీసి, తానే నిలువ చేసుకునే పద్ధతి పట్టింది. ఇది గౌరవమైన పద్ధతి, ఖరీదైన పద్ధతి కూడా.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక బాధ చెప్పుకోనివ్వండి. మా ఊరివాళ్లు ఎంత చూసినా రేటింగులో లెక్కకు రాలేదు. రేటింగులు లెక్కగట్టే టామ్ సంస్థ మీటర్లు లక్ష జనాభా దాటిన పట్టణాలలోనే ఉండేవి. పల్లెల లెక్క 2015లో దాని స్థానంలో బార్క్ అనే సంస్థ వచ్చాకే మొదలైంది. అన్నదాత చూసిన రైతు ఇరవై ఏళ్లపాటు ప్రకటనదారుడి దృష్టిలో లేనే లేడు. సీరియళ్లన్నీ నగరపు డ్రాయింగ్ రూములోకి మారి, కోడలు మెట్లు దిగడానికి మూడు రోజులు పట్టడం వెనుక ఆ మీటర్ల పాత్ర ఉందని నా గట్టి నమ్మకం.

ఇక విస్తరణ. 2000 నుంచి 2002 మధ్యలో మరాఠీ, కన్నడ, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, ఉర్దూ ఛానళ్లు, వాటితోపాటు ఉత్తరప్రదేశ్, బీహార్, రాజస్థాన్, మధ్యప్రదేశ్ రాష్ట్రాల హిందీ ఛానళ్లు వచ్చాయి. ఇవన్నీ రామోజీ ఫిల్మ్ సిటీ నుంచే నడిచాయి. పట్నా వార్తను పట్నా విలేకరి పంపితే, హైదరాబాద్ శివార్లలో కూర్చున్న బీహారీ కుర్రవాడు చదివేవాడు. ఒకే స్టూడియో, ఒకే యంత్రాంగం, ఇన్ని ఛానళ్లు: ఖర్చు లెక్కలో ఇంతకన్నా తెలివైన ఏర్పాటు ఉండదు. హిందీ రాష్ట్రాలలో జిల్లా వార్తలు చూపిన ఘనత కూడా వాటికి దక్కింది. అయితే వినోదంలో అదే సూత్రం పనిచేయలేదని నేను అంటాను. తెలుగులో ఛానల్ కన్నా ముందు ఇరవై ఏళ్ల పేపరు ఉంది; మరాఠీలో, బెంగాలీలో ఛానలే మొదటి పరిచయం. అక్కడి పెద్దావిడ తలుపు వేసేంత కోపం తెచ్చుకోవడానికి ఆవిడకు ముందుగా ఒక అలవాటు ఉండాలి కదా.

ఎందుకు వదులుకున్నారన్నదానికి నా సమాధానం చిన్నది. వినోద ఛానల్ అనేది ప్రతి ఏడాదీ కొత్త పెట్టుబడి మింగే వ్యవహారం. స్టార్, జీ, సన్ వెనుక ఉన్నంత డబ్బుతో ఒక కుటుంబ సంస్థ పది మార్కెట్లలో ఒకేసారి పోరాడటం కుదరదు. పైగా 2006 నుంచి ఆ గ్రూపు మార్గదర్శి ఫైనాన్షియర్స్ డిపాజిట్ల వివాదంలో కూడా ఉంది. బయటి పెట్టుబడి వచ్చింది, అది చేతులు మారి రిలయన్స్‌కు చేరింది, 2012 జనవరిలో టీవీ18 దాన్ని సుమారు 2,100 కోట్లకు కొంటున్నట్టు ప్రకటించింది. ఆ ఒప్పందంలోని వాటాలు చూస్తే నేను పైన చెప్పినదంతా అందులోనే కనిపిస్తుంది: హిందీ, ఉర్దూ వార్తా ఛానళ్లలో నూరు శాతం, మరాఠీ, కన్నడ, బెంగాలీ, గుజరాతీ, ఒడియా వినోద ఛానళ్లలో యాభై శాతం, తెలుగు ఛానళ్లలో మాత్రం ఇరవై నాలుగున్నర శాతం. 2015లో ఆ వినోద ఛానళ్లు కలర్స్ పేరు పెట్టుకున్నాయి. అదే ఏడాది ‘మా టీవీ’ అనే మరో తెలుగు సంస్థ వినోద ఛానళ్లను స్టార్ కొనేసింది. తెలుగు ఈటీవీ మాత్రం పెట్టినవాళ్ల చేతిలోనే మిగిలింది.

సెట్‌టాప్ బాక్సులు మా ఊరికి వచ్చేసరికి నేను కేబుల్ పని మానేసి టీవీ రిపేరు కొట్టు పెట్టుకుని చాలా కాలమైంది. 2017లో పాత కంట్రోల్ రూమ్ ఖాళీ చేస్తూ ఓనర్ గారు కబురు పంపారు, పనికొచ్చే సామాను ఏదైనా ఉంటే తీసుకుపొమ్మని. మాడ్యులేటర్లన్నీ వరుసగా నేల మీద పెట్టి ఉన్నాయి, పాత ఇనుపసామాను వాడు తూకం కాటాతో కూర్చున్నాడు. ఏడో నంబరు పెట్టె మీద నేను అంటించిన తెల్ల ప్లాస్టరు, దాని మీద నేను పెన్నుతో రాసిన ‘ఈటీవీ’ అలాగే ఉన్నాయి. ఆ ప్లాస్టరు కింద ‘వీడియో’ అన్న పాత అక్షరాలు కొంచెం బయటికి కనిపిస్తున్నాయి. అందులోంచి ట్రాన్స్‌ఫార్మరు ఒకటి పీకి తెచ్చుకున్నాను, మిగిలినది కిలోల లెక్కన పోయింది.