17 వేలు లేకపోతే జియాలజీ చదవకూడదా?

ప్రశ్న: సార్, నేను ఎమ్మెస్సీ జియాలజీ మొదటి సంవత్సరం చదువుతున్నా. ఈసారి ఫీల్డ్ ట్రిప్‌కి రాజస్థాన్‌లో ఉదయపూర్, జావర్ గనుల వైపు తీసుకెళ్తామంటున్నారు, మనిషికి 17 వేలు కట్టమన్నారు. సుత్తి, లెన్స్, షూస్ మళ్లీ మేమే కొనుక్కోవాలంట. నాన్న కౌలు రైతు, ఈ ఏడు వేరుశనగ పోయింది. వెళ్లకపోతే మార్కులు పోతాయంటున్నారు, ఏం చెయ్యమంటారు?
– పేరు వెయ్యొద్దు, అనంతపురం జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ 17 వేలు దేనికెంతో లెక్క అడుగు, నోటితో కాదు కాగితం మీద, అదీ ఒక్కదానివే కాకుండా కట్టలేని వాళ్లందరూ కలిసి సంతకాలు పెట్టి హెచ్‌ఓడీ గారికి ఇవ్వండి. అలాగే సిలబస్ తెరిచి చూడు, ఫీల్డ్ వర్క్ చెయ్యాలని ఉందా, ఫలానా ఊరికే వెళ్లాలని ఉందా అని. ఊరి పేరు లేకపోతే దగ్గర చోటికి మార్చమని అడిగే దారి మీకు ఉన్నట్టే. నేను చూసినంతలో ఈ ట్రిప్పుల్లో డబ్బంతా బస్సు అద్దెకీ, హోటల్ రూములకీ, మధ్యలో తగిలించే సైట్ సీయింగ్‌కీ పోతుంది, రాళ్ల కోసం అయ్యేది చాలా తక్కువ. జావర్ వద్దని నేననను, సీసం, జింకు గనులు చూసి రావడం మంచిదే, కానీ అది చూసి రావడం వేరు, మ్యాపింగ్ (ఏ రాయి ఎక్కడుందో మ్యాపు మీద గీయడం) నేర్చుకోవడం వేరు, రెండూ కలిపి ఒకే బిల్లు వేసేసరికి నీలాంటి వాళ్లు బయటే ఉండిపోతున్నారు.

మ్యాపింగ్‌కి మీ పక్కనే కడప బేసిన్ (పాతకాలంలో ఇసుక, మట్టి పొరలుగా పేరుకుని రాళ్లైన ప్రాంతం) పెట్టుకుని రాజస్థాన్ దాకా ఎందుకమ్మా? దాదాపు 44 వేల చదరపు కిలోమీటర్ల బేసిన్ అది. గుల్చేరు క్వార్ట్‌జైట్, వేంపల్లె డోలమైట్, పులివెందుల క్వార్ట్‌జైట్, తాడిపత్రి షేల్, గండికోట క్వార్ట్‌జైట్, ఇవన్నీ అందులోని రాతిపొరలు, వీటిలో సగం పేర్లు మీరు ఆర్టీసీ బస్సు బోర్డుల మీద రోజూ చదివేవే. అటువైపు పొరలు మొత్తమ్మీద ఈశాన్యానికి మెల్లగా వాలి ఉంటాయి కాబట్టి అంచున గ్రానైట్ దగ్గర మొదలుపెట్టి ఈశాన్యంగా ట్రావర్స్ వేసుకుంటూ (ఒకే దిశలో నడుస్తూ దారిలో రాళ్లు రాసుకుంటూ) పోతే పాత రాయి నుంచి కొత్త రాయికి వరసగా వస్తారు, అంతకంటే మంచి పాఠం ఇంకోటి లేదు.

వేంపల్లె డోలమైట్ దగ్గర ఒక పని చెయ్యి. డిపార్ట్‌మెంట్ నుంచి డ్రాపర్ సీసాలో పల్చని హైడ్రోక్లోరిక్ యాసిడ్ తీసుకెళ్లి రాయి మీద ఒక చుక్క వెయ్యి, పెద్దగా పొంగదు, ఇది సున్నపురాయి కాదేమో అనుకుంటావు. అదే చోట కత్తి మొనతో గీకి పొడి చేసి మళ్లీ వెయ్యి, నురగ వస్తుంది. సున్నపురాయైతే గీకకుండానే పొంగుతుంది, డోలమైట్‌కీ దానికీ తేడా ఇదే. అక్కడే ఉల్లిపాయ కోసినట్టు పొరలు పొరలుగా కనిపించేవి స్ట్రొమటొలైట్లు (పాతకాలపు సూక్ష్మజీవులు కట్టిన పొరలు), వాటిని సుత్తితో కొట్టొద్దు, ఫోటో తీసుకో, సైజు తెలిసేలా పక్కన పెన్ను పెట్టి.

మకాం ఒక్క ఊళ్లోనే పెట్టండి, పులివెందుల గానీ వేంపల్లె గానీ. ఆ చుట్టుపక్కల కాలేజీ హాస్టళ్లు దసరా, సంక్రాంతి సెలవుల్లో ఖాళీ అవుతాయి, హెచ్‌ఓడీ లెటర్ రాస్తే హోటల్ కంటే ఎంతో తక్కువలో ఇచ్చే అవకాశం ఉంటుంది (పండక్కి ఇంటికెళ్లలేదని అలగొద్దు మరి). వేసవిలో కూడా ఖాళీనే, కానీ మే నెల ఎండలో ఆ గుట్టలెక్కమని నేనెవరికీ చెప్పను. పొద్దున్నే పల్లెవెలుగు ఎక్కి దిగినకాడి నుంచి నడకే. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం ఉంది కాబట్టి మీ ఆడపిల్లలకి ఆ టికెట్ ఖర్చు కూడా లేదు, ఆధార్ దగ్గర పెట్టుకోండి. మగపిల్లలు కొనుక్కోవాల్సిందే, పాపం.

సామాన్లు అందరూ కొనక్కర్లేదు, నలుగురికి ఒక సుత్తి, ఒక బ్రంటన్ (పొర దిశ, వాలు కొలిచే దిక్సూచి) చాలు, డిపార్ట్‌మెంట్ బీరువాలో పాతవి ఉంటాయి, తాళం తీయించండి. 10ఎక్స్ లెన్స్ మాత్రం ఎవరిది వాళ్లకి ఉండాలి, కొన్ని వందల్లో వచ్చేస్తుంది. ఫోన్‌లో క్లైనోమీటర్ (వాలు కొలిచే) యాప్ ఉచితమే, కానీ ఫోన్ కవర్‌కి అయస్కాంతం ఉంటే స్ట్రైక్ (పొర సాగే దిశ) తప్పుగా చూపిస్తుంది, రోజూ మొదటి రీడింగ్ బ్రంటన్‌తో పోల్చుకోండి. మేకులు కొట్టే మామూలు సుత్తి వద్దే వద్దు, అది రాయి కొట్టడానికి చేసింది కాదు, ముక్క విరిగి కంట్లో పడుతుంది.

ఇంత చెప్పినా జావర్ తప్పదంటే బస్సు మాన్పించి రైలు అడగండి. విద్యాయాత్రలకి సెకండ్ క్లాస్, స్లీపర్‌లో విద్యార్థులకి 50 శాతం, ఎస్సీ, ఎస్టీ వాళ్లకి 75 శాతం రాయితీ ఉంది, కాలేజీ సంతకంతో ఫారం కౌంటర్లో ఇవ్వాలి. చాలా కాలేజీలు ఆ ఫారం ముఖం కూడా చూడవు, ట్రావెల్స్ వాడికి ఫోన్ చేసేస్తే పనైపోతుంది కదా.

ప్రశ్న: గూగుల్ ఎర్త్, వీడియోలతో ఫీల్డ్ ట్రిప్ క్లాసులోనే చేయిస్తే ఖర్చే ఉండదు కదా, సరిపోదా?
– ఒక డిగ్రీ లెక్చరర్, హనుమకొండ

జవాబు: సరిపోదు మాస్టారూ, కానీ రోజులు తగ్గించుకోడానికి పనికొస్తుంది. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు (ఎత్తుపల్లాలు, వాగులు చూపే మ్యాపులు) ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితం, జీఎస్ఐ (భారత భూగర్భ సర్వే సంస్థ) వాళ్ల భూకోశ్ వెబ్‌సైట్‌లో జియాలజీ మ్యాపులూ ఉచితమే, రెండూ దించుకుని క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టి, ఎక్కడ ఆగాలి, ఏ వాగు వెంబడి వెళ్లాలి అని పిల్లలే ముందు గీసుకుంటే అక్కడికెళ్లాక దారి వెతుక్కుంటూ తిరిగే రోజులు మిగులుతాయి, రూము అద్దె, భోజనాలు ఆ మేరకి తగ్గుతాయి. అంతే తప్ప డిప్ (పొర వాలు) ఎటు ఉందో స్క్రీన్ మీద చూసి నేర్చుకున్న పిల్లాడు అవుట్‌క్రాప్ (నేల పైకి కనిపించే రాయి) ముందు బ్రంటన్ పట్టుకుని నిలబడిపోతాడు. మీకు దగ్గర్లోనే పాఖాల రాళ్లున్నాయి, పాండవుల గుట్ట ఇసుకరాయి ఉంది, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు, టిఫిన్ డబ్బాలు కట్టుకుని ఆదివారం బయల్దేరండి.