తాబేలు గుడ్లు పొదగదు

తమ్ముడూ,

నీ కథ రాత్రే చదివాను. నిద్రపట్టక లేచి ఇది రాస్తున్నాను. ఇసుకలో తాబేలు పాకిన జాడ ట్రాక్టరు టైరు అచ్చులా ఉందన్నావు చూడు, ఆ వాక్యం బావుంది, కళ్ళతో చూసి రాశావని తెలిసిపోతోంది. కానీ మూడో పేజీకి వచ్చేసరికి తల్లి తాబేలు 'రాత్రంతా గుడ్లను పొదువుకుని కన్నీరు కారుస్తూ' కూర్చుంది. అక్కడే నాకు ఒళ్ళు మండింది.

తాబేలు గుడ్లు పొదగదయ్యా. మన ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా చలికాలం చివర్లో ఒడ్డెక్కే ఆలివ్ రిడ్లీ, వెనక కాళ్ళతో కుండలాంటి గొయ్యి తీసి, వందకి అటూఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, దాని మీద తన ఒంటితోనే దబదబా మోది గట్టి చేసి, మళ్ళీ సముద్రంలోకి పోతుంది. అంతే. పిల్లల మొహం చూడదు. యాభై రోజుల పాటు పొదిగేది ఇసుకలోని వేడి. ఆ వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తగ్గితే మగపిల్లలు. కన్నీరంటావా, అది ఒంట్లో ఎక్కువైన ఉప్పు, కళ్ళ దగ్గరున్న గ్రంథుల్లోంచి కారుతుంది. నీ 'మాతృహృదయం' కంటే ఇది తక్కువ కథా?

జంతువుకి మీ అమ్మ చీర కట్టకు. నా గోల ఎప్పుడూ ఇదే. మదర్స్ డే వస్తే చాలు, పత్రికల్లో కోడీ ఆవూ తాబేలూ అన్నిటికీ అదే చీర. మన్యంలో గిరినాగు, అదే కింగ్ కోబ్రా, ఎండుటాకులు కుప్ప చేసి గూడు కట్టి, అందులో గుడ్లు పెట్టి వారాల తరబడి కాపలా కాస్తుంది, తీరా పిల్లలు బయటికొచ్చే ముందు వెళ్ళిపోతుంది. దీన్ని ఏ చీరలో ఇరికిస్తావు?

ఎడిటర్ల సంగతి అడిగావు కదా. ఒకసారి రక్తపింజరి గుడ్లు బయట పెట్టదు, కడుపులోనే ఉంచుకుని ఒకేసారి ముప్పై, నలభై పిల్లల్ని కంటుందని రాసి పంపాను. ఆయనెవరో 'పాములు గుడ్లే పెడతాయి' అని నా వాక్యాన్ని దిద్ది అచ్చేశాడు. చోడవరం వైపు నుంచి ఒక రైతు కార్డు రాశాడు, 'పింజరిని ఎప్పుడైనా చూశారా మీరు?' అని. తిట్లు నాకు, జీతం ఆయనకి. సవరణ కూడా వెయ్యలేదు.

సరే, నేనూ తక్కువ తినలేదులే. పంపిన కథలన్నీ తిరిగొస్తున్న రోజుల్లో, డ్యూటీకి ముందు ఫిషింగ్ హార్బర్‌కి పోయి కూర్చునేవాణ్ణి. ఒకామె కత్తిపీట మీద పాలసొర కోస్తోంది. చేప కదా, గుడ్లొస్తాయనుకున్నాను. కడుపు చీరగానే జానెడేసి పిల్లలు నాలుగు జారాయి, ఒక్కోదానికీ బొడ్డుతాడు. మన ఆడవాళ్ళలో లాగే మాయ ఉంటుంది దానికి. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే, 'ఏటి బాబూ అలా సూత్తన్నావు, బాలింతకెడితే పాలు పడతాయి, అరకేజీ తీసుకో' అంది, చెయ్యి ఆపకుండానే. ఆ రాత్రి ఇంటికెళ్ళి 'కడలి తల్లి గర్భశోకం' అని ఎనిమిది పేజీలు రాశాను. అందులో బొడ్డుతాడు లేదు, ఆవిడ మాటా లేదు. అదీ తిరిగొచ్చింది. ఆ ఒక్కసారికి ఎడిటరే కరెక్టు.

కలం పేరు గురించీ, పుస్తకం సొంతంగా వేసుకోవడం గురించీ ఏవో అడిగినట్టున్నావు, ఉత్తరం ఎక్కడ పెట్టానో కనిపించడం లేదు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి రా, సాగర్‌నగర్ వైపు నడుద్దాం. టార్చి తేవద్దు, ఫోనూ జేబులోంచి తియ్యొద్దు. వెలుగు కనిపిస్తే తాబేలు ఒడ్డెక్కకుండానే నీళ్ళలోకి తిరిగిపోతుంది.