తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?

అమ్మలూ,

మనింటి ఫొటోలు, తాతయ్య పద్యాల నోట్‌బుక్కుల స్కాన్లు అన్నీ క్లౌడ్‌లోంచి తీసేసి పీర్-టు-పీర్ స్టోరేజీలో, అంటే ఒక కంపెనీ సర్వర్లలో కాకుండా మనలాంటివాళ్ళ కంప్యూటర్లలోనే పంచి దాచే పద్ధతిలో, పెడతానంటున్నావట, మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎంత గర్వపడ్డానో! ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

తేలికవి ముందు చెప్పేస్తాను. ఐపీఎఫ్ఎస్ అనే పీర్-టు-పీర్ నెట్‌వర్క్‌లో పెట్టినంత మాత్రాన ఫైలు శాశ్వతంగా ఉండిపోదు. ఏదో ఒక నోడ్, అంటే అందులోని ఒక కంప్యూటరు, దాన్ని పిన్ చేసి, చెరిపెయ్యకుండా ఉంచుకోవాలి. పైగా అది తనంతట తాను తాళం వెయ్యదు, ఎన్‌క్రిప్ట్ చేశాకే, అంటే తాళంచెవిలాంటి రహస్య సంకేతం లేనివాళ్ళు చదవలేకుండా మార్చాకే పెట్టు. మన మిషన్లన్నిటిలో ఫైళ్ళను ఒకేలా ఉంచే సింక్‌థింగ్‌లో ఒకచోట డిలీట్ చేస్తే మిగతాచోట్లా పోతుంది, పాత కాపీలు దాచే వర్షనింగ్ ఆన్ చేసుకో. స్టోర్జ్ అనే స్టోరేజీ కంపెనీ వాళ్ళు వివరించిన లెక్క నాకు భలే నచ్చింది: తాళం వేసిన ఫైలును 80 ముక్కలు చేసి తలో మిషన్‌లో పెడితే, వాటిలో ఏ 29 దొరికినా చాలు.

ముక్కలన్నీ దొరికి తాళంచెవి పోతే? నా భయమంతా అదే.

ఆఫీసులో నా పక్క సీటాయన మహా జాగ్రత్తపరుడు. ఇంట్లో హార్డ్‌డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి, దాన్ని తెరిచే పాస్‌ఫ్రేజ్ (పొడవాటి పాస్‌వర్డ్) ఎక్కడా రాయకుండా తలలోనే పెట్టుకున్నాడు. ఉన్నట్టుండి గుండెపోటుతో పోయాడు. కర్మకాండలయ్యాక ఆయన భార్య ఆ డిస్కును గుడ్డసంచిలో పెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ నుంచి బస్సులో మా ఇంటికొచ్చింది. కూతురి పెళ్ళి ఫొటోలు, మనవడికి ఆయన చెప్పిన కథల రికార్డింగులు అందులోనే ఉన్నాయి. రూళ్ళ కాగితం మీద పెన్సిల్‌తో రాసుకొచ్చింది: పిల్లల పుట్టినరోజులు, పాత స్కూటర్ నంబరు, కూతురికి ముందు అనుకుని మార్చేసిన పేరు. నేను ఒక్కొక్కటే కొట్టి చూడటం, అది తప్పగానే ఆవిడ గీత గీసెయ్యడం. కాగితం అయిపోయింది. డిస్కు మాత్రం నిక్షేపంగా ఉందమ్మా, అందులో ఏమీ చెడలేదు.

క్లౌడ్ కంపెనీ అయితే మరణ ధ్రువపత్రం పట్టుకెళ్ళి అడగడానికి ఎవరో ఒకరుంటారు. నువ్వు వెళ్ళేచోట అడగడానికి ఎవరూ ఉండరు. ఆ పద్ధతిలోని గొప్పతనమూ అదే, కాదనను. కానీ నీకేమైనా అయితే మీ అమ్మ ఎవరి గుమ్మం ఎక్కాలి? ఇలాంటి మాట రాయడానికి నా చెయ్యి రావడం లేదు, అయినా రాస్తున్నాను.

ఇంకో సంగతి. ఒక కాపీ మలక్‌పేటలో మా ఇంట్లో, ఇంకోటి మూసారాంబాగ్‌లో అత్తయ్య ఇంట్లోనా? వెర్రిపిల్లా, రెండూ మూసీ పక్కనే కదే! 1908 వరద మాట అలా ఉంచు, 2020 అక్టోబరులో నీళ్ళెలా వచ్చాయో నువ్వూ చూశావు. ఒకటి మహబూబ్‌నగర్ మామయ్య దగ్గర పెట్టు, అదీ మేడ మీద.

తాళంచెవిని ఆది షమీర్ అనే గూఢలిపి శాస్త్రవేత్త 1979లో చెప్పిన పద్ధతిలో మూడు భాగాలు చెయ్యి, ఏ రెండు కలిసినా తెరుచుకునేలా. ఒకటి నీ దగ్గర, ఒకటి అమ్మ లాకర్లో, ఒకటి నాకు. కాగితం మీదే రాయి.

ఆదివారం అమ్మను వెంటబెట్టుకుని రా. నీ ల్యాప్‌టాప్ ముట్టుకోకుండా, మా ఇద్దరి కాగితాలతో మేమే ఫైళ్ళు తెరిచి చూస్తాం. తెరుచుకున్నాకే పాత అకౌంటు మూసెయ్యి.

మీ పెదనాన్న